తెర వెనుక గొంతు

శాన్‌ ఫ్రాన్సిస్కో పొగమంచు ఆ మధ్యాహ్నం మా కిటికీ దాకా వచ్చి నిలిచింది. నల్లని తెరలు దించి, బల్లమీద అరచేతులు పరచి, కళ్లు మూసుకున్నాను. ఎదురుగా ఎడిత్‌ హాలరన్‌, భర్త పోయి ఏడాది కాని ముసలావిడ. పోయినవారిని పిలవడం నా వృత్తి. వారిలా పలకడం డెల్బర్ట్‌ వృత్తి. తెర వెనుక నుంచి రేకు బాకాలో అతడు మాట్లాడితే గదికి గదే చలించేది.

ఇల్లు నా పేర రాసివ్వమని ఆవిడ భర్త గొంతుతో అతడు ఆ రోజు చెప్పాలి. ఆపైన నాకూ అతడికీ పెళ్లి. ఆ మాట డెల్బర్ట్‌ డెన్వర్‌లోనూ అన్నాడు, రీనోలోనూ అన్నాడు. నన్ను కోరుతున్నాడో, వాడుకుంటున్నాడో తేలకుండా మరో ఊరికి కదలకూడదనుకున్నాను.

గొంతు వచ్చింది.

"నీ చేతులు చల్లబడ్డాయి. ఇంత దగ్గరుండీ పట్టుకోలేకపోయాను. ధైర్యం చాల్లేదు."

మేము అనుకున్న మాటలు కావవి. ఇంటి ఊసే లేదు.

ఎడిత్‌ మెల్లగా లేచి దీపం వేసింది. నేను దిగ్గున లేచాను.

"కూర్చో అమ్మాయ్‌, పోలీసుల్ని పిలవన్లే. మా క్లారెన్స్‌కి నత్తి. నా పేరు పలకడానికే ఆపసోపాలు పడేవాడు. పేపర్లో చావు కబురు చదివి నాకు వల వేశారు కదూ? పోయినవాడికి నత్తి అని అందులో ఎవరు వేయిస్తారు?"

మొదటి రోజే తెలిసిపోయిందట. మరి ప్రతి వారం ఎందుకొచ్చారని అడిగాను. ఒక్కో మాటకూ చెమటోడ్చే మనిషితో కాపురం చేసినదాన్ని, గుండెలోంచి పెగిలేదేదో, పెదవి మీద పుట్టేదేదో తెలియదా అన్నది. తొలి వారాల్లో విన్నదంతా ఉత్త వాగుడేనట, రానురానూ మారిందట.

"అవి నాకు చెప్పేవి కావే, పిచ్చిదానా. నీతో చెప్పే దమ్ము లేక నా మొగుణ్ణి అడ్డం పెట్టుకున్నాడు. వినసొంపుగా ఉందని నేనూ కూర్చున్నా."

తెరవైపు చూశాను. మా విద్యకు ఒక్కటే శాసనం: తెర వెనుకవాడు వెలుగులో కనబడరాదు. కనబడితే ఆ ఊరూ, ఆ బతుకూ చెల్లిపోయినట్టే. అతడి వెనుక సందులోకి తలుపుంది. గుట్టు రట్టయిన ప్రతిచోటా అలాంటి తలుపులోంచే జారుకున్నాడు.

గడియ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. చప్పుడు లేదు.

తెర కదిలింది. డెల్బర్ట్‌ వచ్చి నిలబడ్డాడు, వెలుగుకు కళ్లు చికిలిస్తూ, ముఖమైనా దాచుకోకుండా.

"మాక్సీన్‌," అని నన్ను పిలిచాడు.

బాకా లేకుంటే ఆ గొంతు ఎంత చిన్నదో! ఆత్మలు దిగివచ్చాయని ఎందరినో నమ్మించిన నేను, ఆ చిన్న గొంతు వైపు, చల్లబడ్డ నా చేతులు చాచాను.