లతీఫున్నీసా పంపిన రోగులు

భర్తకు బదిలీ కావడంతో కావ్య ఇచ్చోడ నుంచి కరీంనగర్ వచ్చి ఫిజియోథెరపీ క్లినిక్ తెరిచింది. ఊళ్లో తెలిసినవాళ్లెవరూ లేరు. ఎముకల డాక్టర్ల చుట్టూ తిరిగి కార్డులిచ్చింది. తీసుకుని బల్ల మీద పడేసేవాళ్లు. "చూద్దాం తియ్యమ్మా" అనేవాళ్లు. ఒక్కరినీ పంపేవాళ్లు కాదు.

అలాంటి రోజుల్లో హనుమంతు అనే ముసలాయన వచ్చాడు. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయింది.

"లతీఫున్నీసా మేడమ్ తోలింది బిడ్డా" అన్నాడు.

ఆ పేరు కావ్య విన్నదే. ఆమె ఏళ్లుగా ఇక్కడున్న ఫిజియోథెరపిస్టు. ఊళ్లో ఎవరికి చెయ్యి పట్టేసినా, నడుం పట్టేసినా ముందు ఆమె దగ్గరికే పోతారు. ఆ తర్వాత ఇంకొందరు వచ్చారు, అందరూ ఆమె పంపినవాళ్లే. అందరివీ మొండి నొప్పులే, ఎక్కడా తగ్గనివే. కమీషన్ మాట మాత్రం ఆమె ఎత్తలేదు.

అదే కావ్యకు మింగుడుపడలేదు. పోటీగా వచ్చినదానికి ఎవరైనా ఊరికే రోగుల్ని పంపుతారా? కింద మందుల షాపు కరుణాకర్‌ను అడిగింది.

"గామె మతలబు లేకుండ ఏదీ చెయ్యదు మేడమ్. జర పైలంగ ఉండుండ్రి" అన్నాడతను.

మర్నాడు హనుమంతు చెయ్యి వంచుతూ మాటల్లో పెట్టింది. "మేడమ్ నా గురించి ఏమన్న అడుగుతదా తాతా?"

"అన్నీ అడుగుతది. ఎట్ల పట్టుకుంటది, నొప్పంటే ఆపుతదా, మధ్యల ఫోన్ చూస్తదా అని."

కావ్యకు ఒళ్లు మండింది. బాగుకానివాళ్లను తన నెత్తిన వేసి, కొత్తామెకు చేతకాదని ఊరంతా చాటడానికే ఇదంతా అనుకుంది. ఆ సాయంత్రమే లక్సెట్టిపేట నుంచి శంకరవ్వ వచ్చింది. భుజం బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవడం లేదు. ఎవరు పంపారో వినగానే కావ్య, "ఆ మేడమ్ దగ్గరికే పో అవ్వా" అని తిప్పి పంపేసింది. ఆ ముసలామె మెట్ల దగ్గర కాసేపు నిలబడి దిగిపోయింది.

మరునాడు లతీఫున్నీసాయే వచ్చింది. కూర్చోమనకముందే కూర్చుంది.

"శంకరవ్వను ఎందుకు వాపస్ పంపినవ్?"

"మీ మొండి కేసులన్నీ నా దిక్కే ఎందుకు తోలుతున్నరు మేడమ్? నా పేరు ఖరాబ్ చెయ్యాలనే కదా?"

లతీఫున్నీసా కొంగు చాటున దాచుకున్న కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. "పట్టుకో" అంది.

కావ్య పట్టుకుంది. బొటనవేలి మొదట్లో కండ కరిగిపోయి గుంట పడింది. వత్తమంటే ఆ వేళ్లకు పట్టు చిక్కడం లేదు.

"ఎప్పటిసంది?"

"పోయిన రంజాన్ సంది. అల్కటి, చిన్న నొప్పులున్నోళ్లను నేనే చూస్తున్న. గట్టిగ పట్టాల్సినోళ్లకు చెయ్యి సాలుతలేదు. నువ్వెసొంటిదానివో నాకేం ఎరుక? గందుకే అడిగి తెలుసుకున్న."

"నామీద మీకు కూడ అనుమానమేనా?"

"ఉండదా బేటా? మందిని గుంజుకపోతవేమోనని నాకు నిద్రనే పట్టలే."

కావ్య ఆ చెయ్యి వదల్లేదు. నరం ఎక్కడ నొక్కుకుపోతోందో వెతుకుతూ, "రేపటి సంది మీరూ రావాలె" అంది.

ఆదివారం ఇద్దరూ శంకరవ్వను చూడటానికి లక్సెట్టిపేట బస్సెక్కారు. దారిలో లతీఫున్నీసా ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని ఎముకల డాక్టర్లతో మాట్లాడింది. తన చెయ్యి సంగతి తానే చెప్పేసింది. "ఇగనుంచి గట్టి కేసులు కావ్య దగ్గరికి తోలుండ్రి సార్. నేను చూసిన పిల్ల" అంది. కావ్య కిటికీలోంచి బయటికి చూస్తూ వింది. తిప్పి పంపిన మనిషి ముఖం ఎలా చూడాలా అన్నదే ఆమెకు దిగులుగా ఉంది.

ఇంటికి చేరాక శంకరవ్వ లతీఫున్నీసాకు కుర్చీ వేసింది. కావ్యను పలకరించలేదు. కావ్య వెళ్లి గడప పక్కన నేల మీద కూర్చుంది.

"తప్పయింది అవ్వా."

ముసలామె ఆమెను కిందినుంచి పైదాకా చూసింది.

"నొప్పి పెట్టకుండ చేస్తవా?"

"పెడతది. నువ్వు ఆపమంటే ఆపుత."

శంకరవ్వ ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది.