కమలాబాయి ముందున్న చీటీలు

సీతాఫల్‌మండిలో ఒక గల్లీ నుంచి పోచమ్మ గుడికి ఐదు బోనాలు వెళతాయి. ఎవరి బోనం ముందు నడవాలన్న వాదన నిరుడు తెగేలోపే వాన వచ్చి, బోనాల మీది దీపాలు ఆరిపోయాయి. అందుకని ఈసారి చీటీలు వేసి వరస తేల్చే పని పద్మనాభం మాస్టారికి అప్పగించారు. ఆయన కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కాకినాడ నుంచి వచ్చినవాడు గనక ఏ ఇంటి పక్షమూ పట్టడని నమ్మకం.

అందరికంటే ఎక్కువ ఆశపడ్డది కమలాబాయి. ఆ గల్లీకి కోడలిగా వచ్చి అరవై ఏళ్లయినా ఒక్కసారీ ముందు నడవలేదు. చీటీల్లో తనకూ అదృష్టం ఉండొచ్చని నెల రోజులుగా కనిపించిన వాళ్లందరికీ చెబుతోంది.

ఐదుగురిని వరసగా నిలబెట్టడానికి నూట ఇరవై పద్ధతులున్నాయి. అయితే కమలాబాయికి చూపు ఆనదు. బోనం ఎత్తుకున్నప్పుడు, తన బోనంతో ముందు నడిచే కోడలు వసుధ కొంగు పట్టుకుని వెనకే నడుస్తుంది. విడదీయకూడదు గనక ఆ ఇద్దరినీ మాస్టారు ఒకే మనిషి కింద లెక్కవేశాడు. నలుగురికి ఇరవై నాలుగు వరసలు. ఒక్కో వరసను ఒక్కో చీటీ మీద రాసి, మడిచి, స్టీలు డబ్బాలో వేశాడు. లెక్క ముచ్చటగా కుదిరిందనుకున్నాడు.

ఆదివారం పొద్దున కమలాబాయి వచ్చి డబ్బా పక్కన కూర్చుంది. తాను ముందున్న చీటీలు ఎన్ని అని అడిగింది. మాస్టారు చెప్పబోయి ఆగాడు. ఆమె నడక ఎప్పుడూ కోడలి వెనకే. ఒక్క చీటీ కూడా లేదు.

అబద్ధమాడలేక ఉన్న మాటే చెప్పాడు. ముసలామె డబ్బా మూతను ఒకసారి తడిమి చెయ్యి తీసేసింది.

గుమ్మంలో వేపమండలు కడుతున్న వసుధ తలెత్తింది. "నేనే ముంగట నడవాల్నని ఏమున్నది అత్తమ్మా? ఎనక నుంచి భుజం పట్టుకుంటా. కుడికి, ఎడమకు అని చెప్తా. జెర నా మాట విను, చాలు."

"ఇంట్ల ఎన్నడన్న విన్ననా?" అంది కమలాబాయి. కానీ లేచి సర్దుకుని కూర్చుంది.

మాస్టారు మరో ఇరవై నాలుగు చీటీలు రాసి డబ్బాలో పాతవాటితో కలిపాడు. కొత్తవాటిలో అత్త ముందు, కోడలు వెనక. వాటిలో ఆరింట్లో అందరికంటే ముందు కమలాబాయే. ఆ సంగతి చెబితే ఆమె వేళ్ల మీద ఆరు లెక్కపెట్టుకుని, సరే తియ్యమంది.

వచ్చిన చీటీలో ఆమెది మూడో స్థానం, వసుధది నాలుగోది.

బోనం తలకెత్తుకుంటూ కమలాబాయి మాస్టారి వైపు తిరిగింది. "సారూ, గా ఆరు చీటీలు పైలంగ పెట్టు. వచ్చే ఏడు తక్కినయి రాయకు."

అలా కుదరదని మాస్టారు చెప్పబోయాడు. అప్పటికే డప్పులు అందుకున్నాయి. ఆమెకు వినబడలేదు.