బొమ్మ బయటపడింది

ఆ కంప్యూటర్ మెకానిక్ లోకంలో భయపడే వస్తువు ఒక్కటే, పళ్ళ డాక్టరు కుర్చీ. జ్ఞానదంతం సలుపుతుంటే నెలల తరబడి ఒక దవడతోనే నమిలి నెట్టుకొచ్చాడు. ముద్ద దిగని స్థితి వచ్చాక, ఇక గతిలేక ఆ ఉదయం వచ్చి కుర్చీలో పడ్డాడు. డాక్టరమ్మ అతని మెడకి కాగితం తువ్వాలు కట్టి, ఇంజెక్షన్ పొడిచి, "ఒక్కసారి ఎక్స్‌రే చూసి మొదలుపెడదాం" అంటూ కంప్యూటర్ ఆన్ చేసింది.

కంపెనీ గుర్తు వచ్చింది. దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. తర్వాత తెర నల్లబడి ఊరుకుంది. ఆపి మళ్ళీ పెట్టింది. గుర్తు, చుక్కలు, చీకటి.

"నిన్నటిదాకా బాగానే ఉన్నావు కదే! చావడానికి ఇప్పుడే ముహూర్తం దొరికిందా?" అంది దానితో.

మెకానిక్‌కి ప్రాణం లేచొచ్చింది. ఎక్స్‌రే లేనిదే పన్ను పీకరు. కంప్యూటర్ పాడైందని తానే తేల్చేస్తే ఇంటికి పోవచ్చు. తువ్వాలుతో సహా కుర్చీ దిగి, "నేను ఛూస్థాను" అన్నాడు. పెదవి, నాలుక అప్పటికే సగం మొద్దుబారిపోయాయి.

ఈ సందడి విని డాక్టరమ్మ అత్తగారు లోపలికొచ్చింది. ముందు హాల్లో కౌంటర్ దగ్గర కూర్చుని ఫోన్లెత్తడం, వచ్చినవాళ్ళని వరసగా పిలవడం, మధ్యలో వాళ్ళ ఇంటి గుట్టు కూపీ లాగడం ఆవిడ పని.

"ఖేఫుల్" అన్నాడు మెకానిక్, కంప్యూటర్ పెట్టె వెనకవైపు చూపిస్తూ.

"కాఫీయా? ఇంజెక్షన్ చేశాక తాగకూడదు నాయనా, నోరు కాలినా తెలీదు."

"ఖేఫుల్! స్ఖ్రూథ్రైవర్!"

"డ్రైవరెందుకు? నడిచేగా వచ్చావు?"

డాక్టరమ్మ నవ్వు మింగేసింది. "అత్తయ్యా, మీరు బయట చూసుకోండి. ఈయన మాట నేను ఎలాగో అర్థం చేసుకుంటాను" అని పంపేసింది.

స్క్రూడ్రైవర్ దొరకలేదు. పళ్ళ గార గీకే పనిముట్టుతోనే మెకానిక్ మరలు విప్పాడు. పళ్ళ మీద గాలి కొట్టే గొట్టంతో లోపలి దుమ్ము ఊదాడు. వెనకవైపు చూడటానికి నోట్లో పెట్టే చిన్న అద్దం అడిగాడు.

"అది ఇందాక మీ నోట్లో పెట్టిందేనండీ."

"ఫర్లేథు, నా ఎంగిలేగా."

అద్దంలో రెండు కేబుళ్ళు కనిపించాయి. రెండూ గట్టిగానే ఉన్నాయని తృప్తిపడ్డాడు. మెమరీ ముక్క తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ గుచ్చాడు. పెట్టె ఆన్ చేశాడు. గుర్తు, చుక్కలు, చీకటి.

"ఢిస్‌ఫ్లే ఖార్డు ఫోయింధి. వచ్చే వారం వస్థా" అంటూ తువ్వాలు విప్పబోయాడు.

"పోయిందో, ఉందో తేల్చి కదలండి" అంది డాక్టరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

చేసేది లేక మళ్ళీ కూర్చున్నాడు. కీబోర్డు మీద మీట నొక్కితే చిన్న దీపం వెలిగి ఆరుతోంది. అంటే లోపల ప్రాణం ఉంది. "మీరు ఏథో ఒకటి ఠైఫ్ చేస్థూ ఉండండి, నేను వింఠా" అని పెట్టెకి చెవి ఆనించాడు. వైద్యం తనదే అన్నట్టు కళ్ళు కూడా మూసుకున్నాడు.

డాక్టరమ్మ అలవాటు మీద పాస్‌వర్డ్ కొట్టింది. రోజూ దాని వెంటే తెరుచుకునే ఖాళీ పేజీ ఒకటుంది. అది తెరుచుకుందో లేదో తెలీదు. చీకటి తెర ముందు మనిషికి ఎక్కడలేని ధైర్యమూ వస్తుంది.

'ఈయన మెకానిక్ అయితే నేను వంతెనలు కడతాను' అని కొట్టింది. 'మా మరిది తెలివికి హాల్లో ఆ కొత్త టీవీ ఒక్కటే తక్కువైంది.' వేళ్ళు ఆగాయి.

"ఊఁ, ఆఫకండి" అన్నాడు మెకానిక్.

'అత్తయ్య కౌంటర్లో కూర్చుంటే వచ్చేవాళ్ళు కూడా రావట్లేదు. ఇంట్లో ఉండండని ఎలా చెప్పను? చెప్తే ఆవిడకి కన్నీళ్ళు. చెప్పకపోతే నాకు.'

బయట ఎవరో పకపకా నవ్వారు. ఆ వెంటనే తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అత్తగారు.

"లోపల బొమ్మ పడలేదని ఏడుస్తున్నారు. బయట హౌస్‌ఫుల్లుగా ఆడుతోంది. వచ్చి చూడండి."

డాక్టరమ్మ హాల్లోకి పరిగెత్తింది. కౌంటర్ పైన, గోడకి బిగించిన కొత్త టీవీలో ఆమె రాసిందంతా బెత్తెడేసి అక్షరాల్లో ఉంది. పళ్ళు తోముకునే వీడియోలు వేద్దామని నిన్న సాయంత్రం మరిది ఆ టీవీని కంప్యూటర్‌కి తగిలించి, బొమ్మ దానికొక్కదానికే వెళ్ళేలా పెట్టి, అలాగే వదిలేసి పోయాడు. కూర్చున్న నలుగురిలో బట్టల కొట్టాయన మొత్తం పైకి చదివి వినిపించాడట, అత్తగారు వెనక్కి తిరిగి చూసేదాకా.

మెకానిక్ టీవీకి వెళ్ళే రెండో కేబుల్ పీకాడు. లోపలి తెర వెలిగింది. "నేను అఫ్ఫుడే అనుఖున్నా" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"అత్తయ్యా, అది..." అంది డాక్టరమ్మ.

"కన్నీళ్ళు ఎవరికే? నాకా? నీకు తోడెవరూ లేరు, మానేస్తే బాధపడతావని వస్తున్నా. పొద్దస్తమానం కుళ్ళిన పళ్ళ కథలు వింటూ కూర్చోడం నాకేమన్నా సరదా అనుకున్నావా? నడుం పడిపోతోంది."

"మరి ఒక్కరోజైనా చెప్పలేదేంటి?"

"నువ్వు చెప్పావా?"

అత్తగారు సంచీ భుజాన వేసుకుని, ఫోను కోడలి చేతిలో పెట్టి, చెప్పులు తొడుక్కుంది.

"ఎక్కడికి?"

"మా చెల్లెలింటికి. నిన్ను ఆడిపోసుకోడానికి. నేను నీలా గోడ మీద రాయనులే, నోటితోనే చెప్తా."

వెళ్ళిపోయింది. మెట్లు దిగుతూ ఏదో కూనిరాగం తీయడం డాక్టరమ్మకి స్పష్టంగా వినిపించింది. కోపంలో ఉన్న మనిషిది కాదు ఆ రాగం. ఆమెకి ఒళ్ళు తేలికైంది, ఆ తేలికకి కొంచెం సిగ్గు కూడా వేసింది.

ఈలోగా మెకానిక్ నోటి మత్తు వదిలింది. దవడ పట్టుకుని, "డాక్టరమ్మా, ఇంకో సూది పొడిచి పీకి పారెయ్యండి, ప్రాణం పోతోంది" అన్నాడు, ఒక్క అక్షరం కూడా తడబడకుండా. తెర మీద ఎక్స్‌రే చూస్తే పన్ను వేరు వంకర తిరిగి ఉంది. ఆమె మళ్ళీ మందిచ్చి, పట్టకారు బిగించింది.

సరిగ్గా అప్పుడే కౌంటర్ మీద వదిలేసి వచ్చిన ఫోను మోగడం మొదలుపెట్టింది. మోగి మోగి ఆగి మళ్ళీ మోగింది. చివరికి బట్టల కొట్టాయనే లేచి ఎత్తాడు. "డాక్టరమ్మ ఒక మనిషి మీద ఎక్కి కూర్చుని పీకుతున్నారు. అరుపులు మీకూ వినిపిస్తున్నాయిగా? రేపు రండి" అని పెట్టేశాడు.