మినుకుమనని దీపం

ఓడ్వార్ నిచ్చెనెక్కి దుకాణం పై అరలో బల్బుల పెట్టెలు సర్దుతున్నాడు. వంగిన నడుము, పొట్టి మెడ, బొటనవేలి మీద పాత కాలిన మచ్చ. మధ్యాహ్నమైనా ధ్రువానికి దగ్గరి వాడ్సో ఊరి వీధిలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. జనవరి సగం దాటితే గాని ఆ ఊరికి సూర్యుడు ముఖం చూపించడు. ఏళ్ల తరబడి అదే నిచ్చెన, అదే నీలం కోటు. ఇవాళ మాత్రం ఫోన్ మోగినప్పుడల్లా అతని పైప్రాణాలు పైనే పోతున్నాయి.

ఇంట్లో భార్య గున్‌వోర్ మంచంలో ఉంది. ఊపిరితిత్తులు ఇక మోయలేవని డాక్టరు దాచకుండా చెప్పేశాడు. ఆమెకు చావంటే భయం లేదు, చీకటంటే భయం. నిండు వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంది. గోడ మీది డిమ్మర్ బొత్తాం తిప్పి తగ్గిస్తే ఎల్‌ఈడీ బల్బు మినుకుమినుకుమంటుంది. గోడ మీద ఎవరో నడిచి వెళ్తున్నారంటూ దుప్పటి ముఖం మీదికి లాక్కుంటుంది. ఆక్సిజన్ సిలిండర్ పక్కన కొవ్వొత్తి పనికిరాదు.

"నన్ను చీకట్లో మాత్రం పోనివ్వకయ్యా" అని పొద్దున చేయి పట్టుకుని అడిగింది. పోనివ్వనని మాటిచ్చాడు.

చేపల కార్ఖానాలో పనిచేసే బోర్గ్‌హిల్డ్ దుకాణానికి వచ్చి బల్బు బల్ల మీద పెట్టింది. "తగ్గిస్తే తుమ్మెదలా రొద చేస్తోంది. మా ఆయన గురక చాలదనా ఇది అంటగట్టావు?"

"బల్బు మంచిదేనమ్మా. మీ గోడలో డిమ్మర్ మీ అత్తగారి నాటిది, పాత పెద్ద బల్బులకి చేసింది. పెద్ద బండి లాగిన ఎద్దుకి అగ్గిపెట్టె కడితే దానికి తెలుస్తుందా? ఎల్‌ఈడీ డిమ్మర్ వేయించండి. బిగించేది మాత్రం ఎలక్ట్రీషియనే, మీరు చెయ్యి పెట్టకండి."

"మీ ఇంట్లో మార్చావా?"

ఓడ్వార్ బల్బును తిరిగి పెట్టెలో పెట్టాడు. పాతది బాగానే తిరుగుతోంది కదా, పారేయడమెందుకని ఇన్నాళ్లూ ఊరుకున్నాడు.

ఆమె వెళ్లగానే తగ్గించడానికి వీలైన బల్బు ఒకటి, దానికి సరిపడే డిమ్మర్ ఒకటి తీసుకున్నాడు. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాడు. మంచుకి దారి మూసుకుపోయింది, రేపు వస్తానన్నాడు. రేపటిదాకా ఆమె ఉంటుందో లేదో. గోడలోని వైరు లైసెన్సు లేనివాడు ముట్టుకోకూడదన్న నియమం అతను ఎన్నడూ దాటలేదు. నీలం కోటు విప్పి చలికోటు తొడుక్కుని, బల్బూ డిమ్మరూ జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు.

రోజూ వచ్చే నర్సు వెళ్లిపోయాక మంచం అంచున కూర్చున్నాడు. "ఫ్యూజు తీయాలే. కాసేపు చీకటి."

గున్‌వోర్ పెదవులు తడుపుకుంది. "తప్పదా?"

"తప్పదు. నువ్వు మాట్లాడుతూ ఉండు. నీ గొంతు వినపడితే నా చేతులు వణకవు."

"ఆ కొత్త డిమ్మర్ బొత్తాం ఇటియ్యి. నువ్వు పారేసుకుంటావు."

బొత్తాం ఆమె చేతిలో పెట్టి, కొత్త బల్బు మార్చి, వసారాలో ఫ్యూజు తీశాడు. నుదుటికి కట్టుకున్న లైటు ఆమె కళ్లలో పడకుండా గోడవైపే తిరిగి నిలబడ్డాడు. స్క్రూ జారింది, మళ్లీ పట్టుకున్నాడు.

"సరైన వైరేనా?" వెనకనుంచి ఆయాసపడుతూ అంది. "పెళ్లికి ముందు మా అమ్మ రేడియో తగలబెట్టావు."

"అది రేడియో తప్పు."

"మా అమ్మ చచ్చేదాకా నమ్మలేదు." నవ్వబోయి దగ్గింది. కాసేపటికి, "చీకట్లో ఏమీ లేదులేవయ్యా. నువ్వేగా ఉన్నావు" అంది.

అతను రెండో స్క్రూ బిగించాడు. "నిద్రొస్తోందా?"

జవాబు రాలేదు. తల తిప్పితే నుదుటి లైటు ఆమె ముఖం మీద పడుతుంది. తిప్పలేదు. చేతులు పని పూర్తి చేశాయి, అంతే. వసారాలో ఫ్యూజు ముందు నిలబడి, వేయడానికి ధైర్యం చాలక, "గున్‌వోర్" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. వేశాడు.

గదిలోకి వచ్చి, బొత్తాం లేని డిమ్మర్ పుల్లను వేళ్లతోనే తిప్పి వెలుతురు తగ్గించాడు. చివరంటా తగ్గింది. మినుకుమనలేదు, రొద చేయలేదు. గోడ మీద ఎవరూ నడవలేదు. అప్పుడు మంచం వైపు చూశాడు.

"మాట తప్పానే" అన్నాడు. మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు.

దీపం పెంచలేదు, ఆర్పలేదు. గోడ మీద డిమ్మర్ పుల్ల బోసిగా ఉంది. తెల్లటి బొత్తాం ఆమె గుప్పిట్లో ఇంకా వెచ్చగా ఉంది.