గాలిమోటరెక్కిన గంప

చీల్చిన వెదురు బద్దను బొటనవేలి మీదుగా ఒక్కసారి లాగి చూస్తే చాలు, అది ఎక్కడిదాకా వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో ఎల్లప్పకు తెలిసిపోతుంది. ఆ వేళ కూడా తాండూరు రైలుకట్ట మీదికి పొద్దు ఎక్కకముందే చూరు కింద గొంతుక్కూర్చుని, ఒళ్లో గోనెపట్టా పరుచుకుని, పచ్చి కంకబొంగును నిలువునా చీలుస్తున్నాడు. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. కత్తి పని చేస్తున్నట్టే కనిపించదు, బొంగే తనంతట తాను విడిపోతున్నట్టు ఉంటుంది. యాభై ఏళ్లుంటాయి. ఎముకల మీద చర్మం తప్ప అదనంగా ఏమీ మోసుకు తిరిగే మనిషి కాదు. కుడిచేతి చూపుడువేలికి గోరు లేదు. పన్నెండో ఏట కత్తికి తెగిపోయింది.

తాండూరులో ఎల్లప్ప చేతిపని లేని ఇల్లు లేదు. పుట్టిన పసిగుడ్డును పడుకోబెట్టే చాట అతనిదే. కందులు పోసే గుమ్మి, కోళ్లను మూసే గంప, గనుల్లో రాతిముక్కలు మోసే తట్ట అన్నీ అతనివే. ఆఖరికి మనిషి పోతే పాడె కట్టే బొంగులూ అతని వాకిట్లోంచే పోవాలి. అయినా అతని పేరు తెలిసిన ఇళ్లు పది కూడా ఉండవు. గంపలో కందులను మెచ్చుకుంటారు గానీ గంపను ఎవడు మెచ్చుకుంటాడు? దానికి ఎల్లప్ప ఏనాడూ బాధపడలేదు. బాధపడవచ్చని కూడా అతనికి తోచలేదు.

పేరు పెట్టి అతన్ని పని అడిగింది ఒక్కరే. వికారాబాద్ గుట్ట మీది దవాఖానలో ముప్పై ఏళ్లుగా నర్సుగా ఉన్న హిల్డా దొరసాని. ఊళ్లవాళ్ల నోట ఇల్డమ్మ. మూడేళ్ల కింద ఎల్లప్ప ఊపిరితిత్తులు చెడి అక్కడ ఎనిమిది నెలలు మంచం పట్టినప్పుడు, గొంతులో గుటక దిగని రోజుల్లో చెంచాతో గంజి పోసింది ఆమే. ఆ మంచం కింద పడుకున్నది ఆమె కుక్క. దాని పేరు జాగీర్. వార్డంతా తన జాగీరే అన్నట్టు తిరుగుతుందని రోగులు పెట్టిన పేరు. నిజాం జాగీర్లన్నీ పోయినా ఈ ఒక్క జాగీర్ నిలబడిందని వాళ్ల నవ్వులాట.

ఇప్పుడు అరవై దాటిన ఇల్డమ్మ తన దేశానికి వెళ్లిపోతున్నది. స్విట్జర్లాండ్ అట. తాండూరులో ఎవరి నోరూ తిరగని పేరు. కుక్కను కూడా గాలిమోటరులో తీసుకుపోతానని పట్టుపట్టి, విమానాల కంపెనీకి ఉత్తరాలు రాసి, సూదులు వేయించి, దానికి గంప అల్లమని ఎల్లప్పకు కబురు పెట్టింది. అతడు నాలుగు రోజులు అల్లి, పోయిన వారమే వికారాబాద్ తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు. ఈ సాయంత్రం బొంబాయి బండికి ఆమె ప్రయాణం. ఆ బండి తాండూరు మీదుగానే పోతుంది గనుక, స్టేషనుకు పోయి ఒక దండం పెట్టి రావాలని అనుకున్నాడు.

పొద్దుటి ప్యాసింజరు దిగి దవాఖాన కంపౌండర్ జనార్దన్ పరుగులాంటి నడకతో వాకిట్లోకి వచ్చాడు.

"ఎల్లప్పా, కొంప మునిగింది."

"ఏమైంది సారూ? కుక్కకేమన్న అయిందా?"

"కుక్కకేం గాలె. నీ గంపకైంది. కొండమ్మ అలికింది."

"అలికిందా! దేంతోని?"

"దేంతోని అలుకుతరయ్య? ఆవుపెండతోని. లోపట, బయట, మూత గూడ ఇడిశిపెట్టలె."

లోపల పొయ్యి ఊదుతున్న సత్యమ్మ ఫక్కున నవ్వింది. తర్వాత మొగుడి ముఖం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మేదరి ఇంట్లోంచి గంప పచ్చిగా వస్తుంది. పేడతో అలికి, ఎండబెట్టి, సందులు మూశాకే ఈ ప్రాంతంలో దాన్ని గంప అంటారు. కొండమ్మ దవాఖానలో ఆయా, కురుమల ఆడపడుచు. జాగీర్‌ను కళ్లు తెరవని కూనగా తమ మంద దగ్గరనుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఇచ్చిందీ ఆమే. గంపకు నాలుగు వైపులా వేళ్లు పట్టేంత సందులు చూసి, ఎల్లప్ప అలుకు పని తనకు వదిలాడనుకుంది. పైన మబ్బుల్లో చలి ఉంటుందని ఎవరో అన్నారు కూడా. బిడ్డను అత్తారింటికి పంపుతున్నంత శ్రద్ధగా రెండు పూతలు పూసింది. ఇల్లలకగానే పండగ కాదంటారు. కొండమ్మ గంపను అలికి, ఉన్న పండగను కూడా ఆపేసింది.

జనార్దన్ జేబులోంచి కంపెనీ కాగితం తీసి, వేలు పెట్టి చదివాడు. కుక్క లేచి నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాచి పడుకోవాలి. నాలుగు వైపులా గాలి ఆడాలి. బరువు ఉండకూడదు. మట్టి, గడ్డి, పేడ ఆనవాలు కూడా ఉండకూడదు. అవి వేరే దేశం పశువులకు రోగాలు తెస్తాయట.

"కడిగితే పోదా?" అంది సత్యమ్మ.

"రాత్రి నుంచి కడుగుతనే ఉన్నరమ్మా. అలుకు పోయింది, సందులల్ల పచ్చదనం పోలె, వాసన అసలే పోలె. కొండమ్మ ఏడ్సుడు సూడరాదు."

"బొంబాయిల దిగి ఇంకోటి కొంటే?"

"రేపు ఐతారం. పొద్దుగాల దిగుతది, మిట్టపగటీలి గాలిమోటర్. ఊరెరుగని ముసలామె గంప కోసం ఏడ దేవులాడుతది? జాగీర్‌ని కొండమ్మకు అప్పజెప్పి పోత అంటున్నది. నోటితోని అన్నది గని, కండ్లల్ల నీళ్లు ఆగుతలెవ్వు."

ఎల్లప్ప కత్తి కింద పెట్టాడు. ఇల్డమ్మ ఒకసారి మద్రాసు పోయినప్పుడు జాగీర్ పన్నెండు రోజులు మెతుకు ముట్టలేదు. మెట్ల మీద పడుకుని దారి చూసింది. అప్పుడంటే పన్నెండో రోజు ఆమె తిరిగొచ్చింది. ఇప్పుడు ఆమె ఎప్పటికీ తిరిగి రాదు. ఆ సంగతి కుక్కకు ఎవరు చెబుతారు? అది ఆ మెట్ల మీదే ఎండి చస్తుంది.

బండి తాండూరుకు వచ్చేది ఐదింటికి. ఆ కొలత గంపకు ఎంత తొందరపడినా రెండు రోజుల పని. చేతిలో ఉన్నది ఎనిమిది గంటలు. చీల్చి ఉన్న బద్దలేమో గనుల తట్టల కోసం. రేపటికి ఇరవై ఇస్తానని మాట ఇచ్చాడు. ముప్పై ఏళ్లలో మాట తప్పి ఎరగడు. ఈ ఒక్కసారికి తప్పక తప్పదు.

"సారూ," అన్నాడు, "చెప్పులిడిసి ఇట్ల కూసో. గీ బద్ద కొస పట్టుకో. ఇడిశిపెడితే సంపుత."

కంపౌండర్‌ను అంత మాట అన్నానని అతనికి సాయంత్రం దాకా గుర్తు రాలేదు.

మూర మీద జానెడు ఎత్తు, రెండు మూరల పొడవు. కొలతకు కుక్క అక్కర్లేదు. ఎనిమిది నెలలు మంచం మీంచి చెయ్యి వేలాడేసి నిమిరిన వీపు అది. అడుగు దగ్గరగా, బిగువుగా అల్లాడు. పక్కలకు కోళ్లగంప అల్లిక పట్టి, ఈసారి సందులు ఇంకాస్త పెద్దవి చేశాడు, ఏ మహాతల్లీ అలకలేనంత. సత్యమ్మ బద్దలు తడిపి తడిపి అందించింది. జనార్దన్ రెండుసార్లు వేలు కోసుకుని, తన సంచిలోని టించరు తనకే పూసుకున్నాడు. మధ్యాహ్నం ఎల్లప్ప చేతులు అల్లికలో ఇరుక్కుపోయి ఉంటే, సత్యమ్మ జొన్నరొట్టె తుంచి, పచ్చిపులుసులో ముంచి అతని నోట్లో పెట్టింది. పరాయి మగవాడి ముందు మొగుడికి ముద్దలు పెట్టడం ఆమె జన్మలో అదే మొదలు. జనార్దన్ పెద్దమనిషి గనుక ఆకాశం వైపు చూశాడు.

ఆకాశం అంటే ఎల్లప్పకు ఒక్కటే జ్ఞాపకం. పోలీసు యాక్షన్ నాడు గాలిమోటర్లు తాండూరు మీదుగా గర్జించుకుంటూ పోతే, సత్యమ్మా తనూ ఖాళీ గుమ్మిని బోర్లించుకుని దాని కింద ముడుచుకున్నారు. కందుల దుమ్ముకు తుమ్ములు వస్తుంటే ముక్కులు మూసుకున్నారు. గాలిమోటరంటే గంప కింద దాక్కోవలసిన వస్తువనే పదేళ్లుగా అతని లెక్క. దాని కడుపులోకి తన గంపే పోతుందని ఆ రోజు ఎవరైనా చెబితే, పిచ్చివాడని రాయి విసిరేవాడు.

మూడు గంటలకు దగ్గు మొదలైంది. ముందుకు వంగి, గంప అంచు పట్టుకుని, ఒళ్లంతా ఊగేలా దగ్గాడు.

"జర సేపు పండుకో ఎల్లప్పా. నీ పాణం ముఖ్యం," అన్నాడు జనార్దన్.

"గీ పాణం ఆ అమ్మ పోసిందే గద సారూ. దానికి ఫికర్ ఎందుకు? బద్ద ఇయ్యి."

అంచు కట్టేసరికి దూరంగా బండి కూత వినబడింది. మూత ఇంకా బిగించలేదు. ఎల్లప్ప గంప నెత్తిన పెట్టుకుని, మూత జనార్దన్ నెత్తిన పెట్టి పరుగెత్తాడు. దవాఖాన కంపౌండర్ మూత నెత్తినెట్టుకుని మేదరివాడి వెంట పరుగెత్తడం తాండూరు బజారు అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

బండి ఆగేది ఐదు నిమిషాలు. గార్డు పెట్టె దగ్గర ఇల్డమ్మ నిలబడి ఉంది. పొడుగాటి మనిషి, ఎండకు కందిన ముఖం, చేతిలో కుక్క గొలుసు. పక్కన కొండమ్మ. గంప అందకపోతే జాగీర్‌ను ఇక్కడే దింపుకుని వెనక్కి తీసుకుపోవాలని తాండూరు దాకా వచ్చింది. ఎల్లప్ప ప్లాట్‌ఫారం మీద మోకాళ్లూని నాలుగు ముళ్లతో మూత కట్టాడు. ఇల్డమ్మ గంపను ఒంటిచేత్తో లేపి చూసింది, సందుల్లో వేళ్లు పెట్టి చూసింది.

గంప సిద్ధం. జాగీర్ మాత్రం సిద్ధంగా లేదు.

నాలుగు కాళ్లూ తన్నిపెట్టి, వీపు విల్లులా వంచి, గొలుసు లాగితే మెడ బిగుసుకునేదాకా మొండికేసింది. ఇల్డమ్మ బతిమాలింది. జనార్దన్ వెనకనుంచి నెట్టాడు. గార్డు గడియారం చూసి, పచ్చజెండా విప్పాడు.

"నా శెయ్యి ఇరగ! నేనలికినంకనే దానికి గంపంటె బుగులు పట్టింది," అని కొండమ్మ గోడుగోడున ఏడ్చింది.

ఎల్లప్ప ఒక్క క్షణం కుక్క ముఖంలోకి చూశాడు. వంగి తన ఎడమకాలి చెప్పు తీశాడు. వార్డులో ఉన్న ఎనిమిది నెలలూ రోజూ ఆ కాలి చెప్పే మాయమయ్యేది. రోజూ కుంటుకుంటూ వెతికితే ఏ మూలో జాగీర్ గడ్డం కింద దొరికేది. ఆ చెప్పును గంపలో లోపలి గోడకు తగిలేలా విసిరాడు.

"పట్కపో దొంగా!"

జాగీర్ చెవులు నిక్కించింది. వాసన పట్టింది. ఒక్క గెంతులో లోపలికి పోయి, చెప్పును ముంగాళ్ల మధ్య పెట్టుకుని, దాని మీద గడ్డం ఆనించి పడుకుంది. మూత పడింది, తాడు బిగిసింది, గార్డూ జనార్దన్ కలిసి గంపను పైకి అందుకున్నారు. చుట్టూ చేరిన జనం, టీ అమ్మేవాడితో సహా, హోయ్ అని అరిచారు.

"ఎల్లప్పా, మీ చెప్పు!" అంది ఇల్డమ్మ, కదులుతున్న బండి మెట్టు మీంచి. ఆమె నవ్వుతోంది, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"ఉండనియ్యమ్మా. మా ఇంట్ల గదన్న గాలిమోటర్ ఎక్కనియ్యి."

బండి వాడి జంక్షన్ వైపు సాగిపోయింది. ఆఖరి పెట్టె మలుపు తిరిగేదాకా ఎల్లప్ప చేతులు జోడించి నిలబడ్డాడు. ఛాతీ మండుతోంది, వేళ్ల నిండా నెత్తురు చారలు, అయినా అతనికి ఇంత సంతోషం పెళ్లినాడు కూడా కలగలేదు. "ఎవల గంపరా అది?" అని ఎవరో అడిగితే, జనార్దన్ గొంతెత్తి, "మన తాండూరు మేదరి ఎల్లప్పది! రేపు బొంబాయిల గాలిమోటర్ ఎక్కుతది," అని స్టేషనంతా వినేలా చెప్పాడు. ఎల్లప్ప ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు నేలకు కాలుతూ, బజారు మధ్యలోంచి పెళ్లికొడుకులా ఇంటికి నడిచాడు.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. జనార్దన్ పనిగట్టుకుని తాండూరు వచ్చి చదివి వినిపించాడు. రెండు గాలిమోటర్లు మారారట. దిగినచోట అధికారి గంపను తిరగేసి, దీపం వేసి వెతికి, ఏమీ దొరక్క, ఇంత చక్కటి అల్లిక ఎవరిదని అడిగాడట. ఇల్డమ్మ పేరు చెప్పిందట, ఊరితో సహా. జాగీర్ దిగిన పూటే కడుపునిండా తిన్నదట. ఆ ఉత్తరాన్ని ఎల్లప్ప మళ్లీ మళ్లీ మూడుసార్లు చదివించుకున్నాడు.

ఆ తర్వాత ఆరేళ్లు అల్లుతూనే బతికాడు. ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం, సగం అల్లిన చాట పక్కన పెట్టి, జరసేపు ఒరుగుత అని సత్యమ్మతో చెప్పి ఒరిగాడు. మళ్లీ లేవలేదు. పాడెకు అతను చీల్చి పెట్టిన బొంగులే సరిపోయాయి. జనం అతని పేరు చెప్పుకుంటూ మోశారు.

చూరు కింద మేకుకు వేలాడే ఒంటిచెప్పును చూసి, రెండోది ఏదమ్మా అని కొత్తవాళ్లు ఎవరు అడిగినా, సత్యమ్మ చాటలో నూకలు చెరుగుతూ తల ఎత్తకుండానే చెప్పేది. "అది గాలిమోటర్ల పోయింది."

కుడికాలిది, మడమ దగ్గర ఒక పక్కకు అరిగింది, బొటనవేలి పట్టీ పక్కన మళ్లీ కుట్టించిన దారం ఇంకా తెల్లగానే ఉంది.