ఆడోళ్ల తాటిపత్రి

తయారీ సభ అన్నారు గనక పోయాను, లేకుంటే జనగామలో దుకాణం వదిలి నేనెందుకు పోతాను? సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బడులకు తాళాలు, బస్సులు డిపోల్లో. మేమంతా జఫర్‌గఢ్ నుంచి కాళేశ్వరం దాకా నడిచి, గోదావరి నీళ్లు బిందెల్లో పట్టి, మా నీళ్లు మాకు కావాలని చాటి రావాలని అనుకున్నాం. వానలు ఇంకా వెనక్కి తగ్గలేదు. నడిచేది వానలో, పడుకునేది ఆరుబయట. అట్లాంటప్పుడు తయారీ అంటే ఏముండాలి? చలికి గొంగళ్లు, తడవకుండా కవర్లు, ఎండు కట్టెలు, కాళ్లకు మందు. సభ పెట్టిన రైసుమిల్లు షెడ్డులో పొద్దంతా కూర్చుంటే నాకు వినిపించిన మాట ఒక్కటే, ఫ్లెక్సీ. ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎవరి ముఖం పక్కన ఎవరి ముఖం. వీళ్లు నడవడానికి పోతున్నారో, ముఖాలు ఆరేసుకోవడానికి పోతున్నారో నాకు అర్థం కాలేదు.

యాత్రకు పెద్ద వీరమల్లు. వయసులో పెద్దవాళ్లు కూడా ఆయన్ను అన్న అనే అంటారు. గొంతు మంచిది. ఆ గొంతుతో ఏం చెప్పినా నిజమే అనిపిస్తుంది, వచ్చిన చిక్కంతా అక్కడే. ఆ రోజు మైకు పట్టుకొని, "మన మాటను సినిమాలల్ల ఎక్కిరించిండ్రు. రౌడీకి మన మాట, పనోనికి మన మాట. మన నోరు మనకే సిగ్గయ్యేటట్టు జేసిండ్రు" అన్నాడు. నిజం కాదా మరి? కోస్తా నుంచి సరుకు పంపే ఏజెంటు ఒకాయన నా దుకాణంలో, నా ముందే నిలబడి, నా మాటను సాగదీసి నవ్విన సంగతి నేను మరిచిపోలేదు. అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

ఆ చప్పట్లు ఆగుతుండగా మంగ్లీ లేచింది. మంగ్లీది జఫర్‌గఢ్ పక్క లంబాడీ తండా. ఏటా మిరపకాయలు ఆరబోసే కాలంలో తాటిపత్రి కోసం మా దుకాణానికి వచ్చేది. ఊళ్లలో టార్పాలిన్ను అట్లాగే అంటారు. కొనడానికి వచ్చిన మనిషి మాటల్లో పడి చాయ్ తాగి పోయేది, అట్లా మాకు స్నేహం. తండా నుంచి ఒక ట్రాక్టరుకు సరిపడా ఆడవాళ్లను యాత్రకు తయారు చేసింది తనే.

"అన్నా, మాకి ఒక మాట ఉన్నది" అన్నది. "వానల నడుస్తం, తడుస్తం. తడిసినంక ఆడోళ్లు బట్ట ఏడ మార్సుకోవాలె? జర మరుగు గావాలె. ఒక తాటిపత్రి, నాలుగు గుంజలు. గంతే."

వీరమల్లు మైకు నోటి దగ్గరే ఉంది. "మాకీ... ఒక మాట ఉన్నదీ..." అని మంగ్లీ గొంతును అచ్చంగా దించాడు. షెడ్డంతా ఘొల్లుమన్నది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇందాకటి మాటలు ఇంకా రేకుల కింద తిరుగుతూనే ఉన్నాయి. మన నోరు మనకు సిగ్గయ్యేటట్టు చేశారని ఏడ్చిన నోరే కదా ఇది! ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష మాట్లాడే మనిషి తెలుగు కొంచెం పక్కకు పోతే అది నవ్వులాట అయిపోయిందా? నేను లేచి "నవ్వుడేందన్నా, జవాబు చెప్పు" అన్నాను.

"ఆ, చెప్పకేంది జానకక్కా. గివన్ని చిన్న చిన్న ముచ్చట్లు. తెలంగాణ వచ్చినంక సూద్దాం. ముందుగాల రాష్ట్రం" అన్నాడు. ఆ మాటకు మళ్లీ చప్పట్లు. తర్వాత మంగ్లీ వైపు తిరిగి, "మీరు మాత్రం మీ అద్దాల బట్టలు కట్టుకొని అందరికంటే ముందట నడవాలె. టీవీల మస్తు కనవడతది" అన్నాడు.

అద్దాల బట్టలంటే ఏమనుకున్నాడు! తండాలో ముసలమ్మలు తప్ప మిగతావాళ్లు రోజూ కట్టేది చీరలే. అద్దాలు, గవ్వలు కుట్టిన ఆ పెద్ద లంగాను వాళ్లు పేటియా అంటారు. పొడిగా ఉన్నప్పుడే మోయలేనంత బరువు. తడిస్తే నడుముకు బావి బొక్కెన కట్టినట్టే. పండుగనాడు కట్టుకునే బట్టను వానలో కట్టుకొని నడవాలట, మార్చుకునే చోటు మాత్రం రాష్ట్రం వచ్చాక చూస్తారట. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇట్లాంటివాడే.

"పోవద్దు మంగ్లీ, ఇంట్ల పండు" అన్నాను బయటికి వచ్చాక, కోపంతో.

"పోకుంటె ఎట్ల అక్కా? రాంజీతోని పందెం పడ్డ గద" అన్నది. రాంజీ ఆమె మొగుడు. వాళ్ల బిడ్డ కల్యాణికి వరంగల్‌లో నర్సింగు సీటు వచ్చింది. రాంజీ పంపనంటాడు. ఆడోళ్లు తండా దాటి నాలుగు దినాలు ఉండలేరు, పోయిన దానివి పోయినట్టే మూట సంకన పెట్టుకొని వస్తావు అని పెళ్లాన్ని ఎక్కిరించాడు. మంగ్లీ ఊరుకునే రకమా? "నేను నడిసిపోయి గోదారి నీళ్లు తెస్త. తెస్తె బిడ్డను పంపాలె" అన్నది. నడుమ నుంచి వాపస్ వస్తే బిడ్డ చదువు మాట ఎత్తనని తండా పెద్ద వాల్యా ముందు ఒప్పుకుంది. కల్యాణిని కూడా వెంట తీసుకొని బయలుదేరింది.

ఇక తయారీ మేమే చేసుకున్నాం. యూరియా సంచుల లోపల పల్చటి ప్లాస్టిక్ కవరు ఉంటుంది చూడండి, దాన్ని కడిగి ఆరబెట్టి తలా ఒక పొడి చీర, జాకెట్టు అందులో పెట్టి మూతి బిగించి కట్టాం. అగ్గిపెట్టెలు పచ్చడి సీసాలో వేశాం. నానిన వేళ్ల సందుల్లో రాసుకోవడానికి పసుపు కలిపిన ఆముదం తీసుకున్నాం. పడుకునే ముందు నేల మీద పరచడానికి ఖాళీ సంచులు, కప్పుకోవడానికి గొంగళ్లు. గొంగడి తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. మా ఆయన రాజేశం మాట తక్కువ మనిషి. నేను సభ సంగతి చెప్పి గిన్నెలు విసిరికొడుతుంటే విన్నాడు, దుకాణంలోకి పోయి అన్నింటికంటే పెద్ద తాటిపత్రి దించాడు. తెల్లరంగు డబ్బా తెచ్చి, నీలి కవరు మీద బెత్తెడు అక్షరాలతో "ఇది ఆడవారిది" అని రాశాడు. "ఇగ ఎవ్వడు ముట్టడు" అన్నాడు. ఎంత అమాయకుడో నా మొగుడు!

మొదట్లో యాత్ర బాగానే సాగింది. వాన కురవలేదు. ఊళ్లలో జనం ఎదురొచ్చి అన్నం పెట్టారు, పడుకోవడానికి పెండ్లి హాళ్లు తెరిచారు. ఎంతైనా యాత్ర గదా అని తండా ఆడవాళ్లు పేటియాలే కట్టుకొచ్చారు. మంగ్లీ పేటియా గవ్వలు మోగుతుంటే పిల్లలు వెంట పరుగెత్తారు. నాకు కూడా కోపం కాస్త చల్లారింది. నలుగురితో కలిసి నడవడంలో ఏదో ఉంది, మనిషి పెద్దదవుతుంది. పరకాల దాటాక మబ్బు పట్టింది. టేకుమట్ల దారిలో వాన అందుకుంది. మామూలు వాన కాదు, కళ్లు తెరవనివ్వని వాన. దానికి తోడు ఈదురుగాలి. టేకుమట్ల చేరేసరికి పొద్దు వంగుతున్నది. మా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

మాకు చూపించిన విడిది తాళం వేసిన బడి వరండా. మూడు వైపులా గోడ లేదు. ఒక మూలన మగవాళ్లు అప్పటికే బీడీలు ముట్టించి కూర్చున్నారు. ఆడవాళ్లం తడి బట్టలతో వరండా అంచున నిలబడ్డాం. పేటియాల నుంచి నీళ్లు ధార కట్టి కారుతున్నాయి. కల్యాణి చున్నీ ముందుకు చుట్టుకొని, తల్లి చెవిలో ఏదో చెప్పింది. మంగ్లీ నా దగ్గరికి వచ్చి, "అక్కా, పొల్లకు నెల వచ్చింది. బట్ట మార్సాలె. ఏడికి దీస్కపోవాలె?" అన్నది.

మా తాటిపత్రి కోసం సామాన్ల ట్రాలీ దగ్గరికి ఉరికాను. తాళ్లున్నాయి, గుంజలున్నాయి, తాటిపత్రి లేదు. ఎవరినడిగినా తెలియదంటారు. అటూ ఇటూ చూశాను. రోడ్డు పక్కన డీజే వ్యాను నిలబడి ఉంది. దాని మీద పాటల డబ్బాలు మనిషంత ఎత్తు పేర్చి ఉన్నాయి. వాటిని నలువైపులా కప్పి, చుక్క నీరు దిగకుండా బిగించి కట్టారు. నీలి కవరు మీద తెల్లటి అక్షరాలు వానలో మెరుస్తున్నాయి. ఇది ఆడవారిది! మిగిలిన అంచును ఒక మూలన పందిరిలా లాగి కట్టి, దాని కింద కుర్చీ వేసుకొని వీరమల్లు చాయ్ తాగుతున్నాడు.

"అన్నా, చదువొచ్చు గద నీకు?" అన్నాను.

ఆయన తల పైకెత్తి చూడలేదు. "కిరాయి డబ్బాలక్కా. తడిస్తె ఖరాబైతయి."

"మేం తడిస్తె ఖరాబు కామా?"

"జర ఓపిక పట్టుండ్రి. పొద్దుగాల్ల టీవీలోళ్లు వస్తుండ్రు, పాటలు లేకుంటె ఎట్ల? ఒక్క రాత్రే గద. ఇగ తెలంగాణ వచ్చినంక మీకేం తక్కువ జెయ్యం."

మనుషులకంటే డబ్బాలు మెత్తనివని అప్పుడే తెలిసింది నాకు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిట్లకు తాటిపత్రి ఊడి రాలేదు, ఆయన చుట్టూ ఉన్నవాళ్లు నన్నే పక్కకు నెట్టారు. నేను వెనక్కి వచ్చేసరికి మా వాళ్లు మూటలు సర్దుతున్నారు. వెనక్కి చిట్యాల వైపు పోయే ట్రాలీ ఒకటి దొరికిందట. "పోదాం మంగ్లీ. గిట్ల బతుకుడెందుకు? ఇంటికాడన్న మరుగున్నది" అంటున్నది ఎల్లక్క అనే పెద్దామె. తప్పు పట్టడానికి లేదు, చలికి ఆమె పెదవులు నీలిగా మారాయి. మంగ్లీ బిడ్డ వైపు చూసింది. పోతే ఏం పోతుందో ఆమెకు తెలుసు, కల్యాణికి తెలుసు, నాకు తెలుసు. కల్యాణే మూట ఎత్తుకుంది. "యాడీ, పోదాం. నాకు సదువద్దు" అన్నది తల్లితో.

మంగ్లీ కదలలేదు. బడి గేటు వైపే చూస్తున్నది. గేటు పక్కన, పొద్దున టీవీలవాళ్లు రాగానే కనబడాలని, వెదురు బద్దల చట్రానికి కట్టిన ఫ్లెక్సీ ఒకటి నిలబెట్టారు. ఒక ఇంటి గోడంత ఉంటుంది. దాని నిండా వీరమల్లు ముఖం, చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఇంత వానలో ఆ ముఖం మీద ఒక్క చుక్క నిలవడం లేదు, పడింది పడినట్టు జారిపోతున్నది.

"అక్కా, గుంజలైతె ఉన్నయి గద" అన్నది మంగ్లీ.

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎల్లక్కే మూటలోంచి కొడవలి తీసి ముందుగా తాడు కోసింది. చట్రాన్ని నలుగురం మోసుకొచ్చాం. ఫ్లెక్సీని చట్రం నుంచి విప్పి, వరండా మూల పక్కన నేలలో గుంజలు పాతి, చుట్టూ తిప్పి కట్టాం. పైన ఇంకో చిన్న ఫ్లెక్సీ కప్పాం, అదీ ఆయనదే. బీడీల వాళ్లు నోరు తెరిచి చూశారు తప్ప ఒక్కడూ అడ్డం రాలేదు, ఎల్లక్క చేతిలో కొడవలి ఇంకా ఉంది. ముందు కల్యాణిని లోపలికి పంపాం. పొడి చీర కట్టుకొని బయటికి వచ్చినప్పుడు ఆ పిల్ల మొహం తేటబడింది. తర్వాత ఒకరి వెంట ఒకరం బట్టలు మార్చుకున్నాం. కాళ్లకు ఆముదం రాసుకున్నాం. చిట్యాల ట్రాలీ ఖాళీగా పోయింది.

పొద్దున్నే వీరమల్లు పరుగున వచ్చాడు. గేటు దగ్గర ఉత్త గుంతలు చూసి, తర్వాత మమ్మల్ని చూసి, తర్వాత తనను తాను చూసుకున్నాడు. గుంజ దగ్గర మడత పడి ఒక కన్ను లోపలికి పోయింది, నవ్వు మాత్రం అట్లాగే ఉంది. లోపల ఎవరో బట్టలు పిండుతున్న చప్పుడు. రోడ్డు మీద టీవీ వాళ్ల కారు ఆగుతున్నది.

"ఏందమ్మా గిది! ఇజ్జత్ దీస్తరా?" అన్నాడు. అరిస్తే టీవీ వాళ్లకు వినబడుతుందని గొంతు తగ్గించాడు. "కనీసం నా ముఖం లోపటికి తిప్పి కట్టుండ్రి."

"లోపటికి తిప్పితె నువ్వు మమ్ముల సూస్తవు గద అన్నా!" అన్నది మంగ్లీ. "మాకి సిగ్గుండదా?"

ఈసారి వరండా అంతా ఘొల్లుమన్నది. బీడీల వాళ్లు కూడా నవ్వారు. వీరమల్లు చేతులు జోడించాడు, అచ్చం ఫ్లెక్సీలో ఉన్నట్టే. "జర ఇయ్యి చెల్లె, నా ఫ్లెక్సీ నాకియ్యి. ఎప్పుడిస్తవు?"

మంగ్లీ తడి పేటియాను గట్టిగా పిండింది. నీళ్లు ఆయన చెప్పుల మీద పడ్డాయి.

"గివన్ని చిన్న ముచ్చట్లు అన్నా. తెలంగాణ వచ్చినంక సూద్దాం" అన్నది.

మేము కాళేశ్వరం దాకా నడిచాం. బిందెలో గోదావరి నీళ్లు తెచ్చి మంగ్లీ రాంజీ ముందు దించింది. కల్యాణి వరంగల్ పోయింది. ఫ్లెక్సీ మా వెంటే తండాకు వచ్చింది. తెలంగాణ కూడా వచ్చింది. వీరమల్లు ఫ్లెక్సీ అడగడానికి రాలేదు, మంగ్లీ అడిగిన మరుగు సంగతీ ఎవరూ ఎత్తలేదు. మొన్న తండాకు పోయాను. ఇండ్ల వెనక ఆడవాళ్లు స్నానాలు చేసే చోట ఇప్పటికీ అదే ఫ్లెక్సీ కట్టి ఉంది. రంగు వెలిసి వీరమల్లు పండ్లు మాత్రం మిగిలాయి. ముఖం బయటి వైపే ఉంది.