సగం ఆకులు మీవి

అమృతానికి కోపం అంత తొందరగా రాదు. ఈసారి రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. వచ్చాక మాత్రం ఎవరు చెప్పినా తగ్గలేదు.

ఆ కోపం తెప్పించింది హెలెనా పంపిన ఒక వాట్సాప్ మెసేజ్. హెలెనా అమృతం వెళ్ళే మందిరానికి పాస్టరూ కాదు, పెద్దా కాదు. కానీ తాళాలు, కుర్చీలు, కాఫీ కప్పులు, ఎవరు ఏ పని చెయ్యాలో రాసి గోడకి అంటించే చార్టు, అన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి. ఆదివారం పొద్దున పదింటికి అక్కడ ఇంగ్లీషువాళ్ళ ఆరాధన, మధ్యాహ్నం రెండింటికి తెలుగువాళ్ళది. చుట్టూ ఎకరన్నర పచ్చిక, అందులో పద్నాలుగు ముసలి చెట్లు, ఎల్ములూ ఓకులూ. ఆ దేశంలో చలికాలం జూన్‌లో, అందుకే ఏప్రిల్ రాగానే ఆకులు రాల్చడం మొదలుపెడతాయి, మే నెలాఖరుదాకా ఆపవు. పొద్దున ఊడిస్తే సాయంత్రానికి మళ్ళీ చీలమండలదాకా ఆకులే.

"పోయినవారం ఆకులు సరిగ్గా తీయలేదు. మార్క్ కాలుజారి పడబోయాడు. తెలుగు గ్రూపు తన బాధ్యతని ఇంకాస్త శ్రద్ధగా చూసుకోవాలి. వచ్చే ఆదివారానికి పచ్చిక శుభ్రంగా లేకపోతే, మందిరం మీకు ఇవ్వడం గురించి మళ్ళీ ఆలోచించాల్సి వస్తుంది."

నర్సింగ్ హోమ్ వంటగదిలో అరవైమందికి సూప్ కాస్తూ అమృతం అది చదివింది. 'బాధ్యత' అన్నచోట ఆగిపోయింది. మళ్ళీ చదివింది. ఈలోపు సూప్ అడుగంటింది. ఆ వంటగదిలో ఆమె చేతిలో ఏదైనా మాడడం అదే మొదటిసారి.

బాధ్యత ఎలా అయిందో ఆమెకి బాగా తెలుసు. ఆ తప్పు చేసింది తనే కదా.

తెలుగు సంఘానికి ఈ మందిరం దొరికిన మొదటి ఏడు, ఈస్టర్ ముందురోజు. పాలకొల్లు దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆ శనివారం ఆడవాళ్ళంతా కలిసి మందిరం వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, తెల్లవారుజామున ప్రభువు లేచేసరికి నేల మీద ఒక్క పుల్ల లేకుండా చేసేవారు. ఒకరు చెప్పేదీ లేదు, ఒకరు అడిగేదీ లేదు. అలాంటి మనిషికి ఇక్కడ మందిరం ముందు అన్ని ఆకులు కనిపిస్తే చేతులు ఊరుకుంటాయా? క్లైడ్ నార్త్ అనే పేటలో ఇండియన్ షాపులో కొన్న ఈనెల చీపురు కారులో వేసుకొచ్చింది. నడుం వంచి, పాటలు పాడుకుంటూ, పొద్దుగూకేదాకా ఊడ్చింది. మర్నాడు ఇంగ్లీషువాళ్ళు చూసి "లవ్లీ" అన్నారు. ఆమెకి సిగ్గూ సంతోషమూ రెండూ కలిగాయి.

రెండో ఏడు కూడా ఊడ్చింది. మూడో ఏడు అది చార్టుకెక్కింది. పువ్వులు, కాఫీ: ఉదయం సంఘం. ఆకులు: తెలుగు గ్రూపు. ఒక్కమాట అడగకుండా అచ్చేసి అంటించారు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు చూడండి, అదే.

అప్పుడే ఎవరో ఒకరు నోరు తెరవాల్సింది. మనవాళ్ళు తెరుస్తారా? పరాయిచోట ఉన్నాం, ఇంటివాళ్ళు మొహం చిట్లించకముందే నాలుగు పనులు చేసిపెడదాం అనుకునే రకం మనం. మొదట్లో శనివారాలు పదిమంది రేకులు, అంటే ఆకులు లాగే పళ్ళ కర్రలు, పట్టుకొచ్చేవారు. తర్వాత పిల్లల స్విమ్మింగ్ క్లాసులు, వీకెండ్ షిఫ్టులు, నడుంనొప్పులు వచ్చాయి. చివరికి యాభై ఎనిమిదేళ్ళ అమృతమూ, ఆకులూ మిగిలారు.

ఆ సాయంత్రం ఆమె సుందర్ రాజు అయ్యగారికి ఫోన్ చేసింది. వారమంతా గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపి, ఆదివారం వాక్యం చెప్పే పాస్టరు ఆయన. మెసేజ్ ఆయనకీ వచ్చింది.

"అయ్యగారూ, ఈ వారం నేను సగమే ఊడుస్తానండి."

"సగమంటే ఏంటమ్మా?"

"గేటు నుంచి తలుపుదాకా బాట ఉంది కదండీ. దానికి ఎడంపక్కది మనది, కుడిపక్కది వాళ్ళది. మందిరం ఇద్దరం వాడుకుంటున్నాం. ఆకులు కూడా ఇద్దరివీనండి."

"ప్రభువే శిష్యుల పాదాలు కడిగాడు అమృతమ్మా. ఆకులు ఊడిస్తే మనం తగ్గిపోతామా?"

"కడిగాడండి. కానీ వేళ్ళసందులు సరిగ్గా కడగలేదని పేతురు గారు మర్నాడు మెసేజ్ పెట్టలేదు కదండీ."

"నవ్వించకు తల్లీ. మనకిచ్చిన తాళంచెవి వెనక్కి ఇమ్మంటే ముప్పై ఫ్యామిలీస్‌ని ఎక్కడికి తీసుకెళ్ళను?"

"అడిగితే ఇచ్చేద్దామండి," అంది.

అనేసిందిగానీ ఫోన్ పెట్టాక భయం పట్టుకుంది. ఆమె భర్త పోయినప్పుడు శవపెట్టె దింపింది ఆ మందిరం మెట్ల మీదనుంచే. వారానికి ఒక్కసారైనా నోరారా తెలుగులో పాడుకునే చోటు అదొక్కటే. తన పంతం వల్ల అది చేజారితే రేపు సంఘంలో ఎవరి మొహం చూడగలదు? రాత్రంతా అదే దిగులు. కానీ మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అవుతుందని ఊరికే అనలేదు పెద్దలు. ఈ ఏడు తలవంచితే వచ్చే ఏడు కప్పు మీది గట్టర్లు కూడా చార్టుకెక్కుతాయి. తెల్లారేసరికి భయం పోలేదు, నిర్ణయమూ మారలేదు.

శనివారం ముందుగా బాట మొత్తం ఊడ్చింది. పోట్లాట హెలెనాతోగానీ ముసలివాళ్ళ తుంటి ఎముకలతో కాదు. తర్వాత ఎడంపక్క ఏడు చెట్ల కింద ఒక్క ఆకు మిగల్చకుండా రేకుతో లాగి సంచులకెత్తింది. కుడిపక్క వేలు కూడా పెట్టలేదు. గేటు దగ్గర నిలబడి చూస్తే, సగం గడ్డం గీసి మంగలి లేచిపోయినట్టుంది పచ్చిక. అమృతానికి అది చాలా అందంగా కనిపించింది.

కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి కుడిపక్క చెట్ల కింద అయ్యగారు. చేతిలో రేకు, పక్కన నిండిన సంచి.

"ఎవరూ చూడట్లేదమ్మా. మిగతాది నేను కానిచ్చేస్తా," అన్నాడాయన, దొరికిపోయిన దొంగలా.

అమృతం మాట్లాడకుండా ఆ సంచి తీసుకుని, తిరగేసి, ఆకులన్నీ ఉన్నచోటే కుమ్మరించింది. కాలితో సర్దింది కూడా.

"మీరు ఎన్ని ఎత్తితే అన్నీ పోస్తానండి. నాకు ఇవాళ డ్యూటీ లేదు."

అయ్యగారు ఆ కుప్పని చూశాడు, ఆమెని చూశాడు. రేకు భుజాన వేసుకున్నాడు. "నీ పక్కన నిలబడే ధైర్యం నాకు లేదమ్మా. అడ్డం మాత్రం రాను," అని కారెక్కాడు.

ఆ రాత్రి గాలి వీచింది. ఎవరిది ఏ సగమో గాలికేం తెలుసు? ఆదివారం పొద్దున్నకి ఎడంపక్క మళ్ళీ ఆకులు. లోపల ఇంగ్లీషువాళ్ళు పాటలు పాడుతుండగా అమృతం బయట రేకు పట్టింది. పదకొండింటికి వాళ్ళు కాఫీ కప్పులతో బయటికొచ్చి మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. ఆమె సరిగ్గా బాట అంచుదాకా లాగి, ఆగింది.

"అమృతం, ఆ పక్క మర్చిపోయావు," అంది హెలెనా, కాఫీ బల్ల దగ్గరనుంచి.

"మర్చిపోలేదు. అది మీ పక్క," అంది అమృతం, తనకొచ్చిన ఇంగ్లీషులో.

"చార్టులో స్పష్టంగా ఉంది కదా."

"చార్టు మీరు రాశారు. నన్నడగలేదు."

"మీకు మందిరం ఇచ్చాం."

అమృతం బల్ల దగ్గరికి నడిచింది. తెలుగు సంఘం తరఫున తన దగ్గరుండే మందిరం తాళంచెవి జాకెట్ జేబులోంచి తీసి కప్పుల మధ్య పెట్టింది.

"కావాలంటే తీసుకోండి. రెండింటికి మావాళ్ళు వస్తారు. తలుపు వేసి ఉంటే ఇదిగో, నేను ఊడ్చిన సగంలో కూర్చుని పాడుకుంటాం. ఆ పక్క మాత్రం ఊడవను. ఈ వారమూ ఊడవను, వచ్చే వారమూ ఊడవను."

ఎవరూ కాఫీ తాగడంలేదు. అప్పుడు మార్క్, ఎనభై నాలుగేళ్ళ పెద్దాయన, చేతికర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"ఒక్క నిమిషం. ఇది మీ ఆచారం కాదా?" అన్నాడు. "ప్రతి ఏడూ మీరు పాడుకుంటూ ఊడుస్తుంటే మీ పండగల్లో ఏదో ఒకటి అనుకున్నాం. మధ్యలో చెయ్యిపెడితే మర్యాద కాదని ఎవరం రేకు ముట్టుకోలేదు."

వెనకాల ఇద్దరు ముగ్గురు తలలూపారు. అమృతానికి నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళకి ఇంకా కోపమొచ్చింది.

"మొదటి ఏడు ఆచారమే," అంది. "ఆ ఏడు ప్రభువు కోసం ఊడ్చాను. ఆ తర్వాత ఊడ్చినవన్నీ మీ కోసం. నేను పాడటం ఎప్పుడు మానేశానో మీలో ఒక్కరు చెప్పండి, చూద్దాం."

మార్క్ తల దించుకున్నాడు. కాసేపటికి కప్పు బల్ల మీద పెట్టి, ఆమె రేకు కోసం చెయ్యి చాపాడు. ముసలి చెయ్యి, వేళ్ళు వంకర్లు పోయి ఉన్నాయి. అయ్యో పెద్దాయన, అని అమృతం లోపల పాత బుద్ధి లేచింది. ఇంకో క్షణమైతే, మీకెందుకండీ శ్రమ, నేను చేస్తాను, అనేసేది.

రేకుని రెండో చేతిలోకి మార్చుకుంది.

"ఇది మా ఇంటినుంచి తెచ్చుకున్నది. మీవి షెడ్డులో ఆరు ఉన్నాయి, అట్టముక్కలు కూడా విప్పలేదు. షెడ్డు తాళం హెలెనా దగ్గరుంది. అడగండి."

అందరూ హెలెనా వైపు తిరిగారు. ఆవిడ మొహం కందిపోయింది. బల్ల మీది తాళంచెవిని చూసింది, చూసి అక్కడే వదిలేసి, తన గుత్తి వెతుక్కుంటూ షెడ్డు వైపు నడిచింది. ఆకుల్లో ఆవిడ బూట్లు మునిగిపోతున్నాయి.

అమృతం తన తాళంచెవి తీసి జేబులో వేసుకుంది.